గోడ లేవక ముందే ఒప్పందం వ్రాసుకొందాం

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అని మన పెద్దలు ఊరక అనలేదు. ముప్పది సంవత్సరాలు రైలుబండ్లను నడిపించిన కార్మికుడైనా, ఇంటింటికీ ఉత్తరాలు చేరవేసిన తపాలా ఉద్యోగి అయినా తన జీవితంలో సాధారణంగా ఒక్క పర్యాయమే ఇల్లు కట్టుకొంటాడు. 2017 నాటి నియమాల ప్రకారం కేంద్ర ప్రభుత్వోద్యోగికి లభించే గృహనిర్మాణ అడ్వాన్సు 34 నెలల మూలవేతనానికి గాని, 25 లక్షల రూపాయలకు గాని మించరాదు. ఉన్న ఇంటిని విస్తరించుకొనేందుకు ఇచ్చేది 10 లక్షలకు మించరాదు. ఈ సొమ్ము నెలనెలా జీతంలో కోతపడి వడ్డీతో సహా తిరిగిపోయేదే. ఇంతటి కష్టార్జితాన్ని ఖర్చు చేసే ఉద్యోగి మేస్త్రీతో చేసుకొనే ఒప్పందం మాత్రం తరచు గుమ్మం ముందు నిలబడి, పది నిమిషాలలో, నోటిమాటగానే ముగిసిపోతున్నది. ఆ పది నిమిషాల తొందర తరువాత నెలల తరబడి తగాదాగా మారుతున్నది.

ఇది ఇంటివారి సొంత వ్యవహారం గదా, కార్మికోద్యమ పత్రిక సంపాదకీయంలో దీనికి చోటెందుకు అని కొందరు అడుగవచ్చు. ఇల్లు కట్టుకొనే ఆ కొద్ది నెలలూ మనము యజమానులము. జీవితాంతం యాజమాన్యాన్ని స్పష్టమైన వ్రాతపూర్వక ఒడంబడికలు కోరిన మనము, మన గుమ్మం ముందు నిలిచిన కార్మికునికి అదే స్పష్టత ఇస్తున్నామా? ఒప్పందంలోని అస్పష్టత మొదట ఇంటివారికీ మేస్త్రీకీ మధ్య మాటపట్టింపుగా మొదలై, చివరకు మేస్త్రీ కింద పనిచేసే కూలీ జీతానికి గండిగా పరిణమిస్తున్నది. కావుననే ఈ విషయాన్ని ఇక్కడ చర్చిస్తున్నాము.

ఈ చర్చకు బాహూరు కంటె తగిన చోటు లేదు. పుదుచ్చేరి నగరానికి దక్షిణంగా, కడలూరు దారిలో, పెద్ద చెరువు కింద వరిపొలాల మధ్యనున్న ఊరు అది. మన తెలుగు యానాం ఏ కేంద్రపాలిత ప్రాంతానికి చెందినదో బాహూరు కూడా ఆ ప్రాంతానికే చెందినది. తొమ్మిదవ శతాబ్దంలో పల్లవ రాజు నృపతుంగవర్మ ఎనిమిదవ పాలనా సంవత్సరంలో, ఇక్కడి విద్యాస్థానానికి మూడు గ్రామాలు దానమిచ్చిన సంగతి బాహూరు రాగిరేకుల మీద చెక్కబడి ఉన్నది. ఆ శాసనం సంస్కృతంలో ప్రశస్తి మాత్రం వ్రాసి ఊరుకొనలేదు. ఊరివారికి అర్థమయ్యే తమిళంలో గ్రామాల ఎల్లలను కూడా చెప్పినది. రాజు మాట ఇచ్చినప్పటికీ హద్దులు వ్రాయకపోతే రేపు తగాదా తప్పదని ఆనాటివారికి తెలుసు. ఏమి ఇస్తున్నాము, ఎంతవరకు ఇస్తున్నాము అన్నది ఎదుటివారికి తెలిసిన భాషలో వ్రాయడమే ఒప్పందానికి ప్రాణం.

ఇక నేటి సంగతికి వత్తాము. ఇటుక, సిమెంటు పూత స్థానంలో ఇప్పుడు పట్టణాలలోనే గాక చిన్న ఊళ్ళలో సైతం జిప్సం బోర్డు గోడలు లేస్తున్నవి. జింకు పూసిన ఇనుప ఛానెళ్లను నేలకు, పైకప్పుకు బిగించి, వాటి మధ్య సుమారు రెండడుగులకొకటి చొప్పున నిలువు ఛానెళ్లు నిలిపి, రెండు ప్రక్కలా పన్నెండున్నర మిల్లీమీటర్ల మందం గల బోర్డులను మరలతో బిగిస్తారు. అతుకుల మీద కాగితపు టేపు అంటించి, పుట్టీ వంటి మిశ్రమాన్ని పూతలు పూతలుగా వేసి, ఆరిన తరువాత గరుకు కాగితంతో నునుపు చేస్తారు. నీటితో తడపవలసిన పని లేదు, మేడ మీద బరువు తక్కువ, పని త్వరగా అవుతుంది. అయితే ఇటుక గోడ విషయంలో తరతరాలుగా స్థిరపడిన వాడుక ఈ కొత్త పనికి ఇంకా ఏర్పడలేదు. వాడుక లేనిచోట వ్రాత మరింత అవసరం.

బాహూరులో మన సోదరుడొకరు మేడ మీది హాలును రెండు గదులుగా చేయదలచినాడనుకొందాము. గోడ పొడవు 15 అడుగులు, ఎత్తు 10 అడుగులు. మధ్యలో ఏడడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు గల తలుపు. "చదరపు అడుగుకు నూరు రూపాయలు, అంతా మేము చూసుకొంటాము సార్" అంటాడు మేస్త్రీ. మనవాడు సరేనని అడ్వాన్సు ఇస్తాడు. పని ముగిసిన నాడు లెక్క మొదలవుతుంది. మనవాడి లెక్కలో గోడ 150 చదరపు అడుగులు, తలుపు 21 పోగా 129. అనగా 12,900 రూపాయలు. మేస్త్రీ లెక్కలో బోర్డు రెండు ప్రక్కలా వేసినాడు గనుక 300 చదరపు అడుగులు, తలుపు చుట్టూ పని ఎక్కువ గనుక తగ్గింపు లేదు; అనగా 30,000 రూపాయలు. గోడ ఒక్కటే, రేటు ఒక్కటే. తేడా 17,100 రూపాయలు. ఇద్దరిలో ఎవరూ మోసగాడు కాడు. కొలత పద్ధతిని ముందు మాట్లాడుకోకపోవడమే ఇందులోని దోషం.

ఇటువంటి చిక్కు ప్రభుత్వ పనులలో రాకుండా భారతీయ ప్రమాణాల సంస్థ కొలతల ప్రమాణాన్ని, ఐ.ఎస్. 1200ను, ఎప్పుడో ఏర్పరచినది. ప్లాస్టరింగు పనికి అందులోని నియమం చూడండి. అర చదరపు మీటరు లోపు ఖాళీకి తగ్గింపు లేదు. అంతకు మించి మూడు చదరపు మీటర్ల వరకు ఉన్న ఖాళీకి, రెండు ప్రక్కలా ఒకే రకం పూత ఉన్నప్పుడు, ఒక్క ప్రక్కనే తగ్గిస్తారు. అంచుల పనికి వేరే లెక్క లేదు. మన ఉదాహరణలోని తలుపు సుమారు రెండు చదరపు మీటర్లు గనుక, ఇదే పద్ధతిని అనుసరించదలచితే 300 నుండి 21 పోయి 279 చదరపు అడుగులు అవుతుంది. ఈ పద్ధతినే పాటించాలని లేదు. ఒక ప్రక్కకే రేటు అనుకోవచ్చు, గోడ మొత్తానికి గుత్తగా అనుకోవచ్చు. ఏది అనుకొన్నా రేటు ప్రక్కనే కొలత పద్ధతి కూడా ఒక వాక్యంలో వ్రాసి ఉండాలి.

రెండవ తగాదా "ఫినిషింగు" అన్న మాటలో దాగి ఉన్నది. బోర్డు బిగించి అతుకులు పూడ్చితే ఫినిషింగు అయినట్లేనా? గోడ మొత్తం మీద పలుచటి పూత వేసి నునుపు చేయాలా? ప్రైమరు ఎవరు కొట్టాలి? అమెరికాలో ఈ పనివారు ముగింపు పనిని సున్న నుండి ఐదు వరకు ఆరు స్థాయిలుగా విభజించుకొన్నారు. సున్న అంటే బోర్డు బిగించి వదలివేయడం. నాలుగు అంటే అతుకుల మీద, మరల తలల మీద కావలసినన్ని పూతలు వేసి మామూలు రంగుకు సిద్ధం చేయడం. ఐదు అంటే గోడ అంతటా పలుచటి పూత కూడా వేయడం. మనకు ఆ అంకెలు అక్కరలేదు గాని వాటి వెనుకనున్న బుద్ధి అవసరం. "అతుకులకు మూడు పూతలు, ప్రతి పూతా ఆరిన తరువాతనే మరొకటి, గోడ అంతటా ఒక పలుచటి పూత, ప్రైమరు మేస్త్రీదే, రంగు ఇంటివారిది" అని వ్రాసుకొంటే చాలు. కిటికీ ప్రక్కనుండి పడే వెలుతురులో ప్రతి అతుకూ గీతవలె కనిపిస్తుంది. ఎదురుగా చూస్తే అదే గోడ నున్నగా ఉంటుంది. కావున పనిని ఏ వెలుతురులో, ఎంత దూరం నుండి చూసి ఒప్పుకొంటారో కూడా ముందే అనుకోవాలి. లేకపోతే ఇంటివారు దీపం తెచ్చి గోడకు ఆనించి తప్పులు వెదకడం, మేస్త్రీ కూలీ చేత ఉచితంగా మరల మరల గీకించడం జరుగుతుంది. ఆ ఉచితపు పని ఎవరి చెమటో మనము ఆలోచించాలి.

మూడవది వాన. బాహూరుకు ప్రధానమైన వానలు అక్టోబరు నుండి డిసెంబరు వరకు వచ్చే ఈశాన్య రుతుపవనాలవి. 2011 డిసెంబరు 30న థానే తుపాను పుదుచ్చేరికీ కడలూరుకూ మధ్యనే తీరం దాటినది. 2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటగా, నగరంలో ఒక్క దినములోనే 45 సెంటీమీటర్లకు పైగా వర్షం కురిసినది. అటుపిమ్మట తెన్‌పెణ్ణై నది వరద బాహూరు ప్రాంతాన్ని ముంచెత్తినది. జిప్సం బోర్డు నీటిని పీల్చి మెత్తబడుతుంది. తేమగాలిలో అతుకుల పూత త్వరగా ఆరదు. కనుక స్నానపు గది ప్రక్కన తేమను తట్టుకొనే రకం బోర్డే వాడవలెననీ, బోర్డు కింది అంచు నేలను తాకకుండా కొంచెం ఎత్తున ఉండవలెననీ, సరుకు ఐ.ఎస్. 2095 ప్రమాణానికి చెందినదై ఉండవలెననీ వ్రాసుకోవాలి. తెచ్చిన సరుకును బల్లల మీద పొడిచోట పేర్చే బాధ్యత ఎవరిది? తుపానులో తడిసిపోతే నష్టం ఎవరిది? వానవల్ల ఆగిన రోజులను గడువులో కలుపుతారా? ఈ మూడు ప్రశ్నలకు తుపానుకు ముందు రాజీ సులభం. తరువాత కష్టం.

నాలుగవది అదనపు పని. మధ్యలో ఇంటావిడ ఇక్కడ ఒక అర కావాలంటారు. కొడుకు టెలివిజన్ తగిలించేందుకు లోపల చెక్క పెట్టమంటాడు. మేస్త్రీ "సరే అమ్మా" అంటాడు. లెక్క నాడు ఇంటివారు అది పాత రేటులోనే అంటారు. ఈ చిక్కుకు పుదుచ్చేరి చరిత్రలోనే ఒక జవాబు ఉన్నది. ఫ్రెంచి పాలనలో 1819 నుండి అక్కడ అమలైన ఫ్రెంచి పౌరస్మృతి 1793వ అధికరణం ఈ విషయమే చెబుతున్నది. నిశ్చితమైన నమూనా ప్రకారం గుత్త మొత్తానికి భవనం కట్టేందుకు ఒప్పుకొన్నవాడు, కూలిరేట్లు పెరిగినవనో, సరుకు ధర పెరిగినదనో, నమూనా మారినదనో ఎక్కువ సొమ్ము కోరరాదు. ఆ మార్పులకు వ్రాతపూర్వకమైన అనుమతి ఉండి, వాటి ధర ఇంటి యజమానితో నిర్ణయమై ఉంటేనే అడగవచ్చును. నేడు అక్కడా వర్తించే 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం మరొక త్రోవ త్రొక్కినది. ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా ఒకరికి న్యాయంగా చేసిన పని వల్ల వారు లాభం పొందితే ప్రతిఫలం ఇవ్వవలసినదేనని దాని 70వ సెక్షను చెబుతున్నది. అర్థం నిశ్చయం కాని, నిశ్చయం చేయ వీలు లేని ఒడంబడిక చెల్లదని 29వ సెక్షను చెబుతున్నది. నోటిమాట ఒప్పందం చట్టం దృష్టిలో చెల్లవచ్చు. కాని దానిని రుజువు చేయడానికి కోర్టు మెట్లెక్కే ఓపిక, పైకం మేస్త్రీకి గాని కూలీకి గాని ఎక్కడివి? ఒక చీటీ మీద "అర, ఇంత కొలత, ఇంత ధర, ఫలానా తేదీ" అని వ్రాసి ఇద్దరూ సంతకం చేస్తే రెండు చట్టాల బుద్ధీ అందులో ఇమిడిపోతుంది.

అయిదవది, మనకు అన్నిటికంటె ముఖ్యమైనది, పనివారి కూలి. అదే ఫ్రెంచి స్మృతిలో 1798వ అధికరణం ఉన్నది. కాంట్రాక్టరు కింద పనిచేసిన తాపీవారు, వడ్రంగులు, ఇతర కార్మికులు, ఇంటి యజమాని కాంట్రాక్టరుకు ఆనాటికి ఎంత బాకీ ఉన్నాడో అంతవరకు నేరుగా యజమానిపైననే దావా వేయవచ్చునని దాని సారాంశం. మన దేశంలో 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం ఇంకా ముందుకు వెళ్ళినది. కాంట్రాక్టరు జీతం ఎగవేస్తే అసలు యజమానియే చెల్లించాలన్నది. కాని ఆ చట్టం సాధారణంగా ఇరవై మందికి తక్కువైన చోట వర్తించలేదు. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం, 10 లక్షల రూపాయలకు మించని ఖర్చుతో తన నివాసం కట్టుకొనే వ్యక్తిని మినహాయించినది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల స్మృతి ఈ రెండు చట్టాల స్థానాన్ని ఆక్రమించినది. కాంట్రాక్టు కార్మికుల హద్దు ఏబది మందికి, సొంత ఇంటి హద్దు 50 లక్షలకు పెరిగినది.

దీని అర్థం ఏమిటి? మన మేడ మీద నలుగురు మనుషులతో గోడ నిలిపే మేస్త్రీ ముఠాకు ఈ రక్షణలలో ముఖ్యమైనవి అందవు. చట్టం ఆగిపోయిన చోట మన ఒప్పందం మొదలు కావాలి. పనివారి పేర్లు, రోజుకూలి, వారంవారం చెల్లింపు ఒప్పందంలో వ్రాయాలి. మేస్త్రీ చెల్లించని పక్షంలో అతనికి రావలసిన సొమ్ములో నుండి మనమే నేరుగా కూలీకి ఇచ్చే హక్కు వ్రాయాలి. గరుకు కాగితంతో రుద్దేటప్పుడు లేచే ధూళికి మూతిగుడ్డ, ఎత్తు పనికి గట్టి పరంజా ఎవరు సమకూర్చాలో వ్రాయాలి. దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు ఎవరిదో వ్రాయాలి. 1936 జూలై 30న పుదుచ్చేరి సవానా మిల్లు దగ్గర ఫ్రెంచి పోలీసుల కాల్పులలో 12 మంది కార్మికులు నేలకొరిగినారు. మరుసటి సంవత్సరం ఎనిమిది గంటల పనిదినం, సంఘం పెట్టుకొనే హక్కు ఫ్రెంచి ఇండియా శాసనానికెక్కినవి. ఆ నేలమీద ఇల్లు కట్టుకొనే కార్మికోద్యమ సభ్యుడు తన ఇంటి పనివానికి పన్నెండు గంటల పని, నోటిలెక్క కూలి అంటే అది మన జెండాకు తగునా?

వ్రాత అంటే నమ్మకం లేనట్లు గదా అని కొందరు మొగమాటపడతారు. సోదరులారా, మన వృత్తినే చూడండి. ఎంత తెలిసినవారైనా సంతకం తీసుకోనిదే తపాలా ఉద్యోగి రిజిస్టరు ఉత్తరం చేతికిచ్చేవాడు కాదు. అది అవమానమని ఎవరూ అనుకోలేదు. రైల్వే పనులలో కొలత పుస్తకంలో ఎక్కనిదే బిల్లు లేదు. కొలతలకు కాంట్రాక్టరు సంతకం తీసుకొంటారు. ఒక ఉత్తరానికి, ఒక కొలతకు ఇంత జాగ్రత్త తీసుకొనే మనము, 20 వేల రూపాయల అడ్వాన్సును రసీదు లేకుండా ఎందుకిస్తున్నాము? స్నేహం చెడకుండా ఉండటానికే వ్రాత. మొగమాటం వల్ల వదలిన వాక్యమే రేపు మొగం చూసుకోనివ్వదు.

అయితే వ్రాత ఇంటివారి ఆయుధం కారాదు. మేస్త్రీ చదవలేని ఇంగ్లీషులో నాలుగు పుటలు వ్రాసి వేలిముద్ర తీసుకోవడం ఒప్పందం కాదు. బాహూరులో మేస్త్రీ తమిళుడు, ఇంటివారు తెలుగువారు అయినచో రెండు భాషలలోను ఒకే పుట వ్రాసి, పనివారి ముందు బిగ్గరగా చదివి, రెండు ప్రతులలో ఇద్దరూ సంతకం చేసి, చెరొకటి ఉంచుకోవాలి. ఆలస్యానికి జరిమానా వ్రాస్తే, ఇంటివారు సొమ్ము ఆలస్యం చేసిన దినాలకు కూడా పరిహారం వ్రాయాలి. ఆ కాంట్రాక్టు చట్టమే 74వ సెక్షనులో, వ్రాసిన జరిమానా ఎంతైనా కోర్టు సమంజసమైన పరిహారమే ఇప్పించగలదని చెబుతున్నది. బెదిరింపు కోసం పెద్ద అంకెలు వ్రాయడం దండగ.

మన శాఖా సంఘాలకు మేము చేసే సూచన ఇది. ప్రతి శాఖ ఒక పుట నమూనా ఒప్పందాన్ని స్థానిక భాషలో సిద్ధం చేసి కార్యాలయంలో ఉంచాలి. అందులో ఈ క్రింది అంశాలు తప్పక ఉండాలి: గోడ ఎక్కడ, ఎంత, దాని చేతిగీత నమూనా, సరుకు ఎవరిది, ఏ రకం, రేటు, కొలత పద్ధతి, ముగింపు పని ఎంతవరకు, దానిని ఎలా చూసి ఒప్పుకోవాలి, కరెంటు పెట్టెలకు, గొట్టాలకు రంధ్రాలు ఎవరి పని, మొదలు, గడువు, వానదినాల లెక్క, చెల్లింపు దశలు, అనగా అడ్వాన్సు ఎంత, ఛానెళ్లు నిలిచినప్పుడు ఎంత, బోర్డులు బిగిసినప్పుడు ఎంత, ముగింపు తరువాత ఎంత, పగుళ్ళు వస్తే ఎన్ని నెలల వరకు సరిచేయాలి, అందుకై ఎంత స్వల్ప మొత్తం నిలిపి ఉంచాలి, దానిని ఏ తేదీన తప్పక ఇవ్వాలి, అదనపు పనికి సంతకం చీటీ, పనివారి కూలి, భద్రత, తగాదా వస్తే ఇద్దరికీ నమ్మకమైన మధ్యవర్తి ఎవరు. పదవీ విరమణ చేసిన మన ఇంజనీరింగు విభాగపు సోదరులు ఈ పనికి తోడ్పడితే వారి అనుభవం వ్యర్థం కాదు. మధ్యవర్తిత్వం ఫలించకపోతే, ఇంటి నిర్మాణాన్ని సేవగా పరిగణించే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద ఇంటివారికి ఫిర్యాదు చేసే దారి ఉన్నది. కాని మేస్త్రీకి, కూలీకి ఆ దారి లేదు. కావున వారి రక్షణను ఒప్పందంలోనే వ్రాయవలసిన బాధ్యత మరింతగా మనదే.

బాహూరు రాగిరేకులు చెక్కించినవారు లేరు. కాని వారు వ్రాయించిన హద్దులను నేటికీ చదువుకోగలుగుతున్నాము. మనము కట్టే జిప్సం గోడ అంతకాలం నిలువదు, నిలువనక్కర లేదు. ఆ గోడ నిలిపినవాడు తన పూర్తి కూలి పుచ్చుకొని, నవ్వుతూ మన గుమ్మం దాటి వెళ్ళినాడా అన్నదే మనకు ముఖ్యం. యాజమాన్యం ముందు మనము కోరే న్యాయాన్ని మన మేడ మీద మనమే అమలు జరుపుదాము.